అంకెలకు రంగులద్దిన ఫ్లోరెన్స్ నైటింగేల్

ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది దీపం. చీకటి వార్డులో, మూలుగుతున్న సైనికుల మంచాల మధ్య, చేత దీపం పట్టుకుని నడిచే ఒక సన్నని స్త్రీమూర్తి. చిన్నప్పటి వాచకాల్లోనూ, ఆస్పత్రుల గోడల మీదా మనం చూసిన బొమ్మ అదే. ఆ బొమ్మలో అబద్ధమేమీ లేదు. కాని అది ఆమె జీవితంలో చిన్న భాగం మాత్రమే. యుద్ధరంగంలో ఆమె గడిపిన కాలం రెండేళ్లకు లోపే. ఆ తరువాత యాభై నాలుగేళ్లు బతికింది. అందులో చాలాకాలం లండన్‌లోని ఒక గదిలో, ఎక్కువగా మంచం మీదనే ఉండి, కాగితాలు ముందు వేసుకుని చావుల లెక్కలు కట్టింది. ఆ లెక్కలను బొమ్మలుగా గీయించి, ఒక ప్రభుత్వం చేత ఒప్పించింది. గణాంకాలను బొమ్మల్లో పెట్టి కథ చెప్పడం గురించి ఈనాడు ఇంతగా మాట్లాడుకుంటున్నాం కదా, ఆ విద్యలో మనకు తొలి గురువుల్లో ఆమె ఒకరు. దీపం సంగతి అందరికీ తెలుసు కాబట్టి, ఈ లెక్కల సంగతి చెప్పుకుందాం.

లెక్కలంటే ఇష్టపడిన పిల్ల

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఆమె పుట్టింది. ఆ ఊరి పేరే పెట్టారు. అంతకుముందు ఏడాది నేపుల్స్‌లో పుట్టిన అక్కకు ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపీ అని పెట్టారు. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ ఆస్తిపరుడు. డెర్బీషైర్‌లో ఒక ఇల్లు, హాంప్‌షైర్‌లో మరొకటి. ఆడపిల్లలకు చదువెందుకనే ఆ రోజుల్లో కూతుళ్లిద్దరికీ ఆయనే కూర్చుని లాటిన్, గ్రీకు, చరిత్ర, తత్వశాస్త్రం చెప్పాడు.

ఫ్లోరెన్స్‌కు మాత్రం గణితం కావాలి. కుట్లు, అల్లికలు, విందులు, మంచి సంబంధం - ఇవీ తల్లి కోరికలు. గణితం నేర్చుకుంటానని కూతురు పట్టుబట్టినప్పుడు ఇంట్లో రభస జరిగింది. చివరికి మాస్టారు వచ్చాడు, లెక్కలు మొదలయ్యాయి. పదిహేడో ఏటనే తనను దేవుడు ఏదో పనికి పిలిచాడని ఆమె నమ్మింది. ఆ పని రోగులకు సేవ అని తేల్చుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఇంట్లో వాళ్లు ససేమిరా అన్నారు. ఎందుకంటే అప్పట్లో నర్సు పని పెద్దింటి ఆడవాళ్లు చేసేది కాదు. పగలు అమ్మ చెప్పిన పనులు చేస్తూ, తెల్లవారకముందే లేచి ఆస్పత్రుల నివేదికలు, ప్రభుత్వ ఆరోగ్య నివేదికలు చదివి నోటు పుస్తకాలు నింపేది. తగిన వరుడు వచ్చినా 1849లో కాదంది. 1851లో జర్మనీలోని కైసర్స్‌వర్త్‌లో మూడు నెలలు శిక్షణ పొందింది. 1853లో లండన్ హార్లీ వీధిలోని ఒక చిన్న ఆస్పత్రికి పర్యవేక్షకురాలైంది. అప్పటికి ఆమెకు ముప్పై మూడేళ్లు.

స్కూటరీ

1854లో బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలు టర్కీ పక్షాన రష్యా మీద యుద్ధానికి దిగాయి. పోరు క్రిమియాలో. గాయపడినవాళ్లను, జబ్బుపడినవాళ్లను ఓడల్లో నల్ల సముద్రం దాటించి, కాన్‌స్టాంటినోపుల్ ఎదుట ఉన్న స్కూటరీకి చేర్చేవారు. అక్కడ టర్కీ సైనికుల పాత బారకాసులనే ఆస్పత్రి అన్నారు. ఆ ఆస్పత్రి దుస్థితిని టైమ్స్ పత్రిక బయటపెట్టేసరికి ఇంగ్లండులో గగ్గోలు పుట్టింది. యుద్ధ వ్యవహారాల కార్యదర్శి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు పాత స్నేహితుడు. ఆయన కోరిక మీద 38 మంది నర్సులతో ఆమె బయలుదేరి, 1854 నవంబరు 4న స్కూటరీలో దిగింది.

ఆ చలికాలం నరకం. మంచాలు చాలవు, గుడ్డలు లేవు, సబ్బు లేదు. కారిడార్ల పొడవునా నేల మీద రోగులు. ఆమె వంటశాలలు పెట్టించింది, బట్టలు ఉతికించింది, సామాన్లు కొనిపించింది. రాత్రిళ్లు దీపం పట్టుకుని తిరిగింది. ఇంత చేసినా చావులు తగ్గలేదు సరిగదా, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో ఆస్పత్రిలో చేరినవాళ్లలో నూటికి 42 మంది చనిపోయినట్లు లెక్క తేలింది. వాళ్లను చంపింది తుపాకి గుళ్లు కాదు. కలరా, టైఫస్, జిగట విరేచనాలు.

కారణం కాళ్ల కింద ఉంది. ఆ భవనం కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. 1855 మార్చిలో లండన్ నుంచి ఒక పారిశుద్ధ్య కమిషన్ వచ్చింది. డాక్టర్ జాన్ సదర్లాండ్, ఇంజనీరు రాబర్ట్ రాలిన్‌సన్ అందులో ముఖ్యులు. వాళ్లు మురుగు కడిగించారు, జంతు కళేబరాలను ఎత్తించారు, గాలి ఆడేలా చేశారు, గోడలకు సున్నం కొట్టించారు. జూన్ నాటికి నూటికి 42గా ఉన్న చావులు రెండుకు దిగాయి.

చనిపోయినవాళ్లెందరు అన్న చిన్న ప్రశ్నకైనా స్కూటరీలో సరైన జవాబు లేదు. మూడు చోట్ల మూడు పట్టికలు రాసేవారు. పూడ్చిపెట్టినవాళ్ల పట్టిక ఒకటి, వైద్యాధికారుల పట్టిక ఒకటి, సైనిక కార్యాలయం పట్టిక మరొకటి. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిసేవి కావు. వందల మంది సైనికులు వైద్యుల పట్టికలో పేరైనా లేకుండానే మట్టిలో కలిసిపోయారు. మనిషి పోవడం ఒక బాధ. పోయినట్టు లెక్కలో కూడా లేకపోవడం మరో బాధ. ఈ రెండోది ఆమెను జీవితాంతం వెంటాడింది.

లండన్‌లో మొదలైన రెండో యుద్ధం

1856 ఆగస్టులో ఆమె ఇంటికి చేరింది. దేశమంతా ఆమె పేరే. సన్మానాలు తప్పించుకుని, సెప్టెంబరులో బాల్మోరల్ కోటలో విక్టోరియా రాణిని కలిసి, సైన్యం ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వేయాలని అడిగింది. 1857లో కమిషన్ ఏర్పడింది. సిడ్నీ హెర్బర్టే అధ్యక్షుడు. స్త్రీ కాబట్టి అందులో ఆమెకు చోటు లేదు. సాక్ష్యం సైతం రాతపూర్వకంగానే ఇచ్చింది. అయినా ఆ కమిషన్ ముందుకు వెళ్లిన లెక్కల వెనుక ఆమె చెయ్యి ఉంది.

ఈ పనిలో ఆమెకు తోడు దొరికినవాడు విలియం ఫార్. జనన మరణాల రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో గణాంకాలు చూసే వైద్యుడు. ఇద్దరూ కలిసి యుద్ధకాలపు మరణాలను నెలవారీగా, కారణాలవారీగా, ఆస్పత్రులవారీగా విడదీశారు. అప్పుడు బయటపడిన నిజం ఆమెకు మింగుడుపడనిది. యుద్ధరంగానికి దగ్గరగా, గుడారాల్లో, కొరతల మధ్య నడిచిన ఆస్పత్రుల కంటే, అన్నీ సమకూర్చుకున్నామనుకున్న స్కూటరీ ఆస్పత్రులే ఘోరంగా ఉన్నాయి. అందులో ఆమె పనిచేసిన ఆస్పత్రి కూడా ఉంది.

1857 ఆగస్టులో ఆమె ఆరోగ్యం ఒక్కసారిగా కుప్పకూలింది. క్రిమియాలో పట్టుకున్న జ్వరమే కారణమని కొందరు, ఈ లెక్కలు తెచ్చిన మనోవేదన కూడా కారణమని మరికొందరు చరిత్రకారులు అంటారు. ఏది ఎంతైనా, ఆమె చేసిన పని మాత్రం కాగితం మీద ఉంది. తనను దేవతగా కొలుస్తున్న దేశానికి, తన ఆస్పత్రిలోని చావుల సంఖ్యను ఆమె దాచిపెట్టలేదు. పైగా ఆ చావులనే ప్రధాన సాక్ష్యంగా నిలబెట్టింది. 1858లో ఎనిమిది వందలకు పైగా పుటల నివేదికను సొంతంగా అచ్చు వేయించింది.

కోడిజుట్టు పువ్వు

ఎనిమిది వందల పుటలు ఎవరు చదువుతారు? మంత్రులకు తీరిక ఉండదు, సేనాపతులకు ఓపిక ఉండదు. పట్టికలో వరుసగా పేర్చిన అంకెలను చూస్తే చాలామందికి నిద్ర వస్తుంది. చెవికి ఎక్కనిది కంటికి ఎక్కుతుందని ఆమె నమ్మకం. గ్రాఫులనేవి అప్పటికే ఉన్నాయి. విలియం ప్లేఫేర్ అనే ఆయన 1786లోనే వర్తకపు లెక్కలను గీతల్లో చూపించాడు. ఎగుమతులకు, దిగుమతులకు వాడిన ఆ విద్యను ఈమె మనుషుల ప్రాణాల కోసం వాడింది.

ఆమె గీయించిన బొమ్మ చూడటానికి రేకులు విప్పుకున్న పువ్వులా ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు దానికి కోడిజుట్టు అనే అర్థం వచ్చే కాక్స్‌కోంబ్ అనే పేరు స్థిరపరిచారు. మన పెరట్లో పూసే కోడిజుట్టు పువ్వును తలుచుకుంటే సరిపోతుంది. పన్నెండు నెలలకు పన్నెండు ముక్కలు, ఒక్కొక్కటి 30 డిగ్రీల కోణంలో, తాటాకు విసనకర్రల్లా కేంద్రం చుట్టూ అమరి ఉంటాయి. కోణం అన్నిటికీ ఒకటే. చావులు ఎక్కువైన నెలలో ముక్క బయటకు సాగుతుంది. మూడు రంగులు. నివారించడానికో తగ్గించడానికో వీలున్న జబ్బులతో పోయినవాళ్లకు నీలం, గాయాలతో పోయినవాళ్లకు ఎరుపు, మిగతా కారణాలకు నలుపు. మూడు రంగులనూ కేంద్రం నుంచే కొలవాలి.

కాగితం మీద రెండు పువ్వులు ఉంటాయి. కుడివైపుది 1854 ఏప్రిల్ నుంచి 1855 మార్చి దాకా. ఎడమవైపుది ఆ మరుసటి సంవత్సరం. కుడి పువ్వులో నీలం రేకులు కాగితం అంచుల దాకా విరబూసి ఉంటాయి. యుద్ధమంటే కత్తులు, తుపాకులు అనుకునేవాడు ఎరుపు కోసం వెతుక్కోవాలి. కేంద్రం దగ్గర సన్నగా కనిపిస్తుంది, అంతే.

1855 జనవరి రేకు ఒక్కటి తీసుకుందాం. ఆ నెల సైన్యంలో ఉన్నది 32,393 మంది. జబ్బులతో పోయినవాళ్లు 2,761. గాయాలతో పోయినవాళ్లు 83. ఇతర కారణాలతో 324. మన విద్యార్థులు కాగితం, పెన్సిలు తీసుకుని చూడవచ్చు: 2,761ని 32,393తో భాగించి, పన్నెండుతోనూ వెయ్యితోనూ గుణిస్తే ఏడాదికి వెయ్యికి దాదాపు 1,023 మంది అని వస్తుంది. అంటే ఆ నెల వరస అలాగే సాగితే, కొత్తవాళ్లను పంపకపోతే, శత్రువు ఒక్క గుండు పేల్చకపోయినా ఏడాది తిరిగేసరికి ఆ సైన్యంలో ఒక్కడూ మిగలడు.

దీనికి జవాబుగా అధికారులు ఒక మాట అనవచ్చు. అది భయంకరమైన చలికాలం, ఎండలు రాగానే చావులు తగ్గాయి, ఇందులో మురుగు కాలువల ప్రసక్తి ఏమిటని. ఆ వాదనకు జవాబు ఎడమవైపు పువ్వులో ఉంది. మరుసటి చలికాలం, అదే జనవరి నెల, 1856. సైన్యం 44,212. జబ్బులతో పోయినవాళ్లు 42 మంది. మళ్లీ చలికాలం వచ్చింది, చావులు మాత్రం రాలేదు. రెండు ఏళ్లనూ మార్చి నెల దగ్గర విడగొట్టడంలోనే కథంతా ఉంది. పారిశుద్ధ్య కమిషన్ వచ్చింది ఆ నెలలోనే కదా.

లెక్కల విద్యార్థులు గమనించవలసినది ఇంకొకటి ఉంది. మొదట గీసిన ఒక బొమ్మలో ఆమె చావుల సంఖ్యను కేంద్రం నుంచి పొడవుగా చూపించింది. అలా గీస్తే చావులు రెండింతలైతే రేకు వైశాల్యం నాలుగింతలై కనబడుతుంది. నిజం కన్నా బొమ్మ ఎక్కువ అరుస్తుందన్న మాట. తరువాత గీసిన ప్రసిద్ధమైన బొమ్మలో వైశాల్యమే చావుల రేటుకు సరిపోయేలా దిద్దింది. అంటే పొడవు వర్గమూలం చొప్పున పెరుగుతుంది. దీనివల్ల నీలం రేకులు కాస్త చిన్నవయ్యాయి. తన వాదానికి కొంత బలం తగ్గినా ఫరవాలేదనుకుంది కాబోలు. ఉన్నదున్నట్టు గీసినా ఆ బొమ్మ చూసినవాళ్లను కదిలించడానికి చాలింది.

యుద్ధం లేనప్పటి లెక్కలు కూడా ఆమె గీయించింది. ఇరవై నుంచి పాతికేళ్ల వయసులో ఇంగ్లండు పౌరులు ఏడాదికి వెయ్యికి 8.4 మంది పోతుంటే, అదే వయసు సైనికులు స్వదేశంలో బారకాసుల్లోనే 17 మంది పోతున్నారు. సైన్యంలో చేరేవాళ్లు ఆరోగ్య పరీక్షలో నెగ్గిన దృఢకాయులు. అయినా రెట్టింపు చావులు. ఒక నల్ల గీత, దాని కింద రెండింతల పొడవున్న ఎర్ర గీత. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

బొమ్మ చేసిన పని

ఈ బొమ్మలను ఆమె వేరే చిన్న పుస్తకంగా వేయించి పార్లమెంటు సభ్యులకు, సైన్యాధికారులకు, రాజకుటుంబానికి అందేలా చేసింది. హారియెట్ మార్టినో అనే ప్రముఖ రచయిత్రి 1859లో సామాన్య పాఠకుల కోసం సైనికుల ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలోకి కూడా ఇవి ఎక్కాయి. లెక్కలు తప్పని ఎవరో పేరు లేకుండా కరపత్రం వేస్తే, అదే ఏడాది మళ్లీ బొమ్మలతోనే జవాబు అచ్చు వేయించింది.

ఫలితం ఊరికే రాలేదు, ఆలస్యంగానూ రాలేదు. బారకాసులు, ఆస్పత్రులు బాగుచేయడానికి, సైన్యంలో గణాంకశాఖ పెట్టడానికి, సైనిక వైద్య కళాశాల తెరవడానికి, ఆస్పత్రి నిబంధనలు తిరగరాయడానికి నాలుగు ఉపసంఘాలు పనిచేశాయి. కొద్ది సంవత్సరాల్లోనే స్వదేశంలోని సైన్యంలో మరణాల రేటు దాదాపు సగానికి తగ్గింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ సంఘంలో తొలి మహిళ ఆమె.

అప్పటికి సూక్ష్మజీవుల సిద్ధాంతం స్థిరపడలేదు. జబ్బులు చెడుగాలి వల్ల వస్తాయని ఆ కాలపు పెద్దలు చాలామంది నమ్మినట్టే ఆమె కూడా నమ్మింది. ఆ నమ్మకం తప్పని తరువాత తేలింది. కాని ఎక్కడ మురుగు తీస్తే అక్కడ చావులు తగ్గాయన్న లెక్క చెక్కుచెదరలేదు.

గోదావరి దాకా

మన దేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా నలభై ఏళ్ల పాటు మన దేశం గురించి ఆమె చదివినంత, రాసినంత బహుశా ఇక్కడికి వచ్చి ఉద్యోగాలు చేసి పోయిన దొరలలో చాలామంది చేసి ఉండరు. 1859లో భారతదేశంలోని సైన్యం ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వేశారు. ప్రతి సైనిక స్థావరానికీ ప్రశ్నల పత్రం తయారుచేసి పంపే పనిలో ఆమె ముందుంది. నీళ్లెక్కడివి, మురుగెటు పోతుంది, ఎందరు పోయారు, దేనితో పోయారు? 1863లో రెండు పెద్ద సంపుటాలుగా నివేదిక వచ్చింది. ఇక్కడి బ్రిటిష్ సైనికులు ఏడాదికి వెయ్యికి 69 మంది చచ్చిపోతున్నారని అందులో తేలింది. ఈసారి తన వ్యాఖ్యలకు నీళ్లు మోసేవాళ్ల, మురుగు కాలువల బొమ్మలు కూడా చేర్చింది. అంకె చెప్పలేనిది బొమ్మ చెబుతుందని కదా ఆమె నమ్మకం. మరుసటి ఏడాది బెంగాల్, మద్రాసు, బొంబాయి రాజధానుల్లో ఆరోగ్య కమిషన్లు ఏర్పడ్డాయి. పదేళ్ల తరువాత ఆమె మళ్లీ లెక్క తీస్తే, ఆ 69 కాస్తా 18కి వచ్చింది.

సైనికుడి నుంచి ఆమె చూపు క్రమంగా పల్లె మీదికి మళ్లింది. ఊరు ఆరోగ్యంగా లేకపోతే దండు ఆరోగ్యంగా ఉండదని గ్రహించింది. ఊరికి ముందు కావలసింది నీళ్లు. ఇక్కడే ఆమెకు మన కాటన్ దొరతో స్నేహం కలిసింది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ అప్పటికి ఇంగ్లండు చేరి, కాలువలు తవ్వండి మహాప్రభో అని ప్రభుత్వంతో పోరాడుతున్నాడు. ఆయన వాదానికి ఆమె తోడు నిలిచింది. నీటిపారుదల మీద ఎంత ఖర్చయింది, ఎంత వచ్చింది అని ప్రభుత్వాన్ని లెక్కలు అడిగింది. 1876-78లో మద్రాసు రాజధానిని, అందులోనూ మన రాయలసీమను ధాత కరువు పీల్చి పిప్పి చేసినప్పుడు, ఇక్కడి రైతు దుర్దశ గురించి 1878లో ఒక లండన్ పత్రికలో పెద్ద వ్యాసం రాసింది. కరువు చావులు దైవికమని సరిపెట్టుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. స్కూటరీలో పోయినవాళ్లలాగే వీళ్లు కూడా పోనవసరం లేనివాళ్లే. అంటే ఆమె లెక్కలో నీలం రేకులోకి వచ్చేవాళ్లే.

చివరి కోరిక

1891లో, డెబ్బై దాటిన వయసులో ఆమె ఫ్రాన్సిస్ గాల్టన్‌తో ఒక ఆలోచన పంచుకుంది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రాన్ని సమాజ సమస్యలకు అన్వయించడం నేర్పే ఒక ప్రొఫెసర్ పదవి ఉండాలని ఆమె కోరిక. దేశాన్ని పాలించబోయే కుర్రాళ్లు లెక్కలు చదవడం రాకుండానే పట్టాలు పుచ్చుకుని పోతున్నారని ఆమె దిగులు. చట్టాలు చేస్తారు, డబ్బు ఖర్చు పెడతారు, దానివల్ల ఎవరికి ఏం ఒరిగిందో వెనక్కి తిరిగి చూడరు. ఆ కోరిక ఆమె బతికి ఉండగా తీరలేదు. ఈనాడు మన విశ్వవిద్యాలయాల్లో గణాంకశాస్త్ర శాఖలున్నాయి, డిగ్రీలున్నాయి. ఆమె దిగులు మాత్రం ఎంతవరకు తీరిందో మనమే చెప్పుకోవాలి.

చివరి ఏళ్లలో చూపు పోయింది. బొమ్మలతో లోకం కళ్లు తెరిపించిన మనిషికి అక్షరం కనపడకుండా పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. 1910 ఆగస్టు 13న, తొంభై ఏళ్ల వయసులో లండన్‌లో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామంటే బంధువులు వద్దన్నారు. హాంప్‌షైర్‌లో, ఈస్ట్ వెల్లో అనే పల్లెలో కుటుంబసభ్యుల పక్కనే మట్టి చేశారు. రాతి మీద ఆమె పేరు పూర్తిగా ఉండదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అంతే.

విద్యార్థి మిత్రులారా! ఇప్పుడు మనకు గ్రాఫులు కరువు లేవు. పత్రిక తెరిచినా, తెర తెరిచినా రంగురంగుల చక్రాలు, నిచ్చెనలు, గీతలు. కంప్యూటరు మీద మీట నొక్కితే నిమిషంలో బొమ్మ తయారు. ఫార్‌తో కూర్చుని ఆమె నెలల తరబడి కట్టిన లెక్క ఈనాడు ఒక పూటలో కట్టవచ్చు. అంత సులువైపోయింది కాబట్టే, ఏ బొమ్మ చూసినా రెండు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఈ లెక్కలో చేరకుండా మట్టిలో కలిసిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా? దీన్ని గీసినవాడు తనకు ఎదురు తిరిగే అంకెను కూడా ఇందులో వేశాడా? రేపు మనలో ఒకరు డాక్టరవుతారు, ఒకరు ఇంజనీరు, ఒకరు కలెక్టరు. ఎక్కడో ఒకచోట మన చేతికీ ఒక పట్టిక వస్తుంది. మన ఆస్పత్రిదో, మన ఆఫీసుదో, మన ఊరిదో. అందులోని అంకెలు మనకు పరువు తక్కువగా ఉండవచ్చు కూడా. ఆ రోజున దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, అందరికీ కనపడేలా గీసి గోడకు తగిలించగలిగితే, ఆమె ఆక్స్‌ఫర్డులో ఆశించిన చదువు మనం ఈ కాలేజీలో చదివినట్టే.